రాజుల బొమ్మల నాణేలు, పట్టాభిషేక పతకాలు: కొనడం, పరీక్షించడం, తిరిగి అమ్మడం

విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి నాకు వచ్చే ఫోన్లు చాలావరకు ఒకే విధంగా మొదలవుతాయి. తాతగారి పెట్టెలోనో, మామ్మగారి దేవుడి అరలోనో విక్టోరియా రూపాయలు, ఒక పతకం, రెండు మూడు విదేశీ నాణేలు దొరికాయి. వాటిని ఉంచుకోవాలా, అమ్మాలా, అమ్మితే ఎక్కడ అమ్మాలి అని అడుగుతారు. ఇలాంటివి కొని, సేకరించి, కొన్నింటిని తిరిగి అమ్మి ఆ డబ్బుతో ఇంకా మంచివి కొనాలనుకునే యువకులు కూడా ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్నారు. ఇద్దరికీ పని వరుస ఒకటే కాబట్టి ఇద్దరికీ కలిపి రాస్తున్నాను.

ఈ వరుసను తప్పించవద్దు. నేను చూసిన నష్టాలలో ఎక్కువ భాగం పరీక్షకు ముందే శుభ్రం చేయడం వల్లనో, గుర్తించక ముందే ధర మాట్లాడడం వల్లనో వచ్చినవే.

## 1. ముందుగా ఒక రకాన్ని ఎంచుకోండి

"రాజుల నాణేలు" అనే మాట కింద వేరువేరు సరుకులు ఉన్నాయి. వాటి ధరలు, నకిలీలు, కొనేవారు అన్నీ వేరు. మొదటి ఏడాది ఒక్క రకానికే కట్టుబడడం మంచిది.

బ్రిటిష్ ఇండియా వెండి రూపాయలు. 1835 నుంచి విలియం 4, విక్టోరియా, ఎడ్వర్డ్ 7, జార్జి 5, జార్జి 6 బొమ్మలతో వచ్చినవి. వీటిని చాలామంది స్మారక నాణేలు అంటారు గాని ఇవి చలామణీ కోసం కొట్టిన మామూలు రూపాయలే. మన జిల్లాల్లో ఎక్కువగా దొరికేవి కూడా ఇవే కాబట్టి కొత్తవారు ఇక్కడ మొదలుపెట్టాలని నా సలహా.

బ్రిటన్ స్మారక క్రౌన్‌లు, అంటే రాజకుటుంబపు వేడుకలకు అక్కడ విడుదల చేసిన పెద్ద నాణేలు. 1935 రజతోత్సవం, 1937 పట్టాభిషేకం, 1953 పట్టాభిషేకం, 1977 రజతోత్సవం, 1981 చార్లెస్, డయానాల వివాహం సందర్భంగా వచ్చినవి. ఉద్యోగాలకు లండన్ వెళ్లిన పిల్లలు 2023 నాటి చార్లెస్ 3 పట్టాభిషేక నాణేలు కూడా తెస్తున్నారు.

దర్బారు, జూబిలీ, పట్టాభిషేక పతకాలు. దర్బారు అంటే బ్రిటిష్ చక్రవర్తి హోదాను చాటడానికి ఢిల్లీలో జరిపిన కొలువు. వీటికి లోతైన చదువు అవసరం. 6వ భాగంలో వివరంగా రాశాను.

సంస్థానాల నాణేలు. హైదరాబాదు చార్మినార్ రూపాయి, బికనీరు మహారాజా గంగాసింగ్ పాలనకు 50 ఏళ్లు నిండినందుకు 1937లో వచ్చిన రూపాయి వంటివి. బికనీరు రూపాయికి తర్వాతి కాలంలో కొట్టిన నకళ్లు ఎక్కువగా తిరుగుతున్నాయి. అనుభవం వచ్చేదాకా దాని జోలికి పోకపోవడమే మేలు.

స్వతంత్ర భారత స్మారక నాణేలు. 1999 నాటి ఛత్రపతి శివాజీ 2 రూపాయలు, 2003 నాటి మహారాణా ప్రతాప్ రూపాయి, 2020లో వచ్చిన గ్వాలియర్ రాజమాత విజయరాజే సింధియా 100 రూపాయలు వంటివి. చలామణీలోకి వచ్చిన రకాలకు తిరుగు ధర చాలా తక్కువ. ప్రభుత్వ టంకశాలలు పెట్టెలో పెట్టి అమ్మే ప్రూఫ్ (సేకర్తల కోసం అద్దంలా మెరిసేలా ప్రత్యేకంగా కొట్టిన) సెట్లకు మాత్రమే కొంత గిరాకీ ఉంటుంది.

మన ప్రాంతానికే సంబంధించిన జాగ్రత్త ఒకటి ఇక్కడే చెప్పాలి. "విజయనగర రాజుల బంగారు నాణెం" అని ఎవరైనా చూపిస్తే అది హంపీ విజయనగర సామ్రాజ్యపు వరహా గురించిన మాట. 1713లో కోట కట్టిన మన పూసపాటివారి విజయనగరానికి దానితో సంబంధం లేదు. పేరు కలిసిందని అభిమానం కొద్దీ ఎక్కువ ధర పెట్టేవారు ఉంటారని అమ్మేవారికి బాగా తెలుసు.

## 2. బల్ల మీద ఉండవలసిన సామాను

- 0.01 గ్రాము వరకు చూపే చిన్న డిజిటల్ కాటా
- డిజిటల్ కాలిపర్స్
- పది రెట్లు పెద్దదిగా చూపే కంసాలి భూతద్దం
- బలమైన చిన్న అయస్కాంతం
- గాజు గ్లాసు, సన్నని దారం, డిస్టిల్డ్ వాటర్
- మెత్తని తువ్వాలు (నాణెం చేయి జారినా దెబ్బ తగలకుండా)
- పీవీసీ లేని పారదర్శక కవర్లు లేదా అట్ట ఫ్లిప్పులు
- గట్టి అట్ట నోటుపుస్తకం

ముందుగా కాటా, కాలిపర్స్ కొనండి. ఈ రెండూ లేకుండా ఒక్క వెండి రూపాయి కూడా కొనవద్దు.

## 3. చేతికి రాగానే చేయవలసినది, చేయకూడనిది

నాణేన్ని ఎప్పుడూ అంచులతో పట్టుకోవాలి. బొమ్మ మీదగాని బొరుసు మీదగాని వేలు పడితే చెమట గుర్తు కొన్ని నెలలకు మచ్చగా తేలుతుంది.

చింతపండు, నిమ్మకాయ, విభూతి, టూత్‌పేస్టు, గిన్నెల పొడి, ఇత్తడి మెరుగు ద్రావకం, వీటిలో ఏదీ తగలనివ్వవద్దు. మన ఇళ్లలో వరలక్ష్మీ వ్రతానికో, ధన త్రయోదశికో వెండి రూపాయలను చింతపండుతో తోమి కుంకుమ పెట్టడం ఆచారం. పూజను ఎవరూ మానుకోనవసరం లేదు. పూజకు ఒకటి రెండు అరిగిన రూపాయలు కేటాయించి, మంచి వాటిని వేరుగా దాచమని ఇంట్లో చెప్పాలి. తోమినప్పుడు పడే సన్నని గీతలు ఎప్పటికీ పోవు. నల్లబడిన వెండికి ఉండే సహజమైన ఛాయ కోసమే కొనేవారు ఎక్కువ ధర ఇస్తారు కాబట్టి, మెరుపు తెచ్చామనుకున్న రోజే ధర తగ్గిందని లెక్క.

మట్టి, కుంకుమ అంటి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో ఒక రాత్రి నానబెట్టి, రుద్దకుండా, మెత్తని గుడ్డ మీద పెట్టి తడి అద్దాలి. జిడ్డు, పాత ప్లాస్టిక్ కవరు నుంచి అంటిన ఆకుపచ్చ జిగురు ఉంటే శుద్ధమైన అసిటోన్‌లో కొద్దిసేపు ఉంచవచ్చు. గోళ్ల రంగు తుడిచే ద్రావకం ఇందుకు పనికిరాదు. అందులో నూనెలు, సువాసనలు కలిపి ఉంటాయి. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది, అందుచేత వంటగదిలో ఈ పని చేయవద్దు.

తర్వాత నోటుపుస్తకంలో రాయండి: తేదీ, ఎక్కడ దొరికింది, ఎవరిచ్చారు, ఎంతకు, బరువు, వ్యాసం, అంచు ఎలా ఉంది, లోపాలు ఏమిటి. రెండు వైపులా, అంచుకు కూడా కిటికీ వెలుగులో ఫోటోలు తీయండి. నాణెంతోపాటు దొరికిన పాత కవరు, ఉత్తరం, డబ్బీ ఏదైనా ఉంటే పారేయవద్దు. పతకాల విషయంలో కొన్నిసార్లు ఆ కాగితం విలువే పతకం విలువను దాటుతుంది.

## 4. ఏ నాణెమో గుర్తించడం

మొదట రాజు, తర్వాత సంవత్సరం, తర్వాత టంకశాల, చివరికి అచ్చులోని తేడా. ఈ వరుసలోనే చూడాలి.

సంవత్సరం దగ్గర కొత్తవారు పొరబడే చోట్లు రెండు ఉన్నాయి. 1840 అని ఉన్న రూపాయలను 1861 వరకు అదే సంవత్సరంతో కొట్టారు. అలాగే 1862 అని ఉన్నవాటిని 1874లో సంవత్సరం మార్చే వరకు కొనసాగించారు. బొరుసు వైపు కనిపించే చిన్న చుక్కల లెక్కను బట్టి సేకర్తలు వాటిని వేరుచేస్తారు. కాబట్టి 1840 అని కనబడగానే అరుదైనదని అనుకోకూడదు, 1862 అని కనబడగానే మామూలుదని తేల్చివేయనూ కూడదు. 1840 రూపాయిలో విక్టోరియా తల చుట్టూ అక్షరాలు ఏకధాటిగా ఉన్నాయా, తల దగ్గర విడిపోయాయా అన్నది కూడా రాసుకోవాలి.

విక్టోరియా బిరుదు రాణి నుంచి చక్రవర్తినిగా మారినది 1877 నుంచి. ఎడ్వర్డ్ 7 రూపాయలు 1903 నుంచి 1910 వరకు ఉంటాయి.

1911 జార్జి 5 రూపాయికి ప్రత్యేకమైన గిరాకీ ఉంది. రాజు ధరించిన వస్త్రం మీది ఏనుగు బొమ్మ పందిలా కనిపిస్తోందని అభ్యంతరం రావడంతో 1912లో అచ్చు మార్చారు. దీనికి నకిలీలు కూడా అందుకు తగ్గట్టే ఎక్కువ. ఏనుగు తొండం, పాదాలు ఎలా ఉన్నాయో నమ్మకమైన వేలం కేటలాగులోని పెద్ద ఫోటో పక్కన పెట్టి చూడకుండా దీనిని కొనవద్దు.

జార్జి 5 రూపాయి బొరుసు వైపు అడుగున తామర పువ్వు కింద ఉబ్బెత్తు చుక్క ఉంటే బొంబాయి టంకశాల, లేకపోతే కలకత్తా. భూతద్దం లేకుండా ఇది తేలదు.

జార్జి 6 దగ్గర లోహం మారింది. 1939 వరకు 91.7 శాతం వెండి ఉండగా 1940 నుంచి సగం వెండి మాత్రమే ఉంది. 1947 రూపాయిలో వెండి అసలు లేదు, అది నికెల్. 1939 వెండి రూపాయి చాలా అరుదైనది కాబట్టి వేరే సంవత్సరపు అంకెను చెక్కి 9 చేసినవి ఎదురవుతాయి. చివరి అంకె చుట్టూ ఉన్న నేల (బొమ్మ, అక్షరాలు లేని చదును భాగం) మిగతా చోట్లకన్నా గీరుకుపోయి ఉంటే వదిలేయండి.

మన తీర ప్రాంతంలో ఇంకొకటి కనిపిస్తుంది. రంగూన్ వెళ్లి వచ్చిన కుటుంబాల పెట్టెల్లో, పురి విప్పిన నెమలి బొమ్మతో బర్మా రాజు మిండాన్ నాటి వెండి నాణెం ఉండవచ్చు. దాని మీది 1214 అనేది బర్మా శకం, అది కూడా బర్మా అంకెల్లో ఉంటుంది. మన రూపాయికి దగ్గర బరువు ఉంటుంది. దానిని తెలియని బిళ్ళగా భావించి వెండి ధరకు ఇచ్చేయడం అన్యాయం.

## 5. నకిలీని పట్టుకునే వరుస

ఈ ఐదు పరీక్షలూ ఇదే క్రమంలో చేయండి. ఒకదానిలో తప్పినా అక్కడే ఆగండి.

బరువు. 1939 వరకు వచ్చిన వెండి రూపాయి 11.66 గ్రా., అర్ధ రూపాయి 5.83 గ్రా., పావలా 2.92 గ్రా., వెండి బేడ 1.46 గ్రా. బాగా అరిగిన రూపాయి కొంత తగ్గుతుంది. కానీ అంచు మీది గాట్లు, అక్షరాలు కొత్తగా ఉండి బరువు మాత్రం 11 గ్రాముల దగ్గర ఉంటే అది నకిలీ.

వ్యాసం. కాలిపర్స్‌తో మూడు చోట్ల కొలవాలి. రూపాయి 30.5 మి.మీ. పైచిలుకు ఉంటుంది. అసలు నాణెం నుంచి అచ్చు తీసి పోత పోసినది, లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోవడం వల్ల, అసలుకన్నా కొంచెం చిన్నదవుతుంది.

అయస్కాంతం. వెండి అంటుకోదు. అయితే 1947 నికెల్ రూపాయి అంటుకుంటుంది, అంటుకోవడమే సరైనది.

నీటి తూకం. గీటురాయి మీద గీయకుండా లోహాన్ని తెలుసుకునే పద్ధతి ఇది. కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయాలి. నాణేన్ని దారంతో కట్టి, అడుగుకు, పక్కలకు తగలకుండా పూర్తిగా ముంచాలి. కాటా చూపే అంకె నాణెం తొలగించిన నీటి బరువు. గాలిలో తూచిన బరువును దానితో భాగిస్తే లోహపు సాంద్రత వస్తుంది.

మంచి విక్టోరియా రూపాయికి నీటి తూకం 1.13 గ్రా. దగ్గర రావాలి, అంటే సాంద్రత 10.3 పైన. 1.25 దాటితే అందులో ఉండవలసిన వెండి లేదు. నాణేనికి గాలిబుడగ అంటితే లెక్క తప్పుతుంది. ఒకసారి మెల్లగా కదిపి మళ్లీ చూడండి.

ఈ పరీక్ష క్రౌన్‌లకు మరీ అవసరం. 1977 క్రౌన్ మామూలు రకంలో వెండి లేదు, రాగి నికెల్ మిశ్రమం. ప్రూఫ్ రకం మాత్రం స్టెర్లింగ్ వెండి. రెండూ 28.28 గ్రాములే, రెండూ ఒకే పరిమాణం. కాటా వాటిని వేరు చేయలేదు. నీటిలో మామూలు రకం 3.17 గ్రా. దగ్గర, వెండి రకం 2.73 గ్రా. దగ్గర చూపుతాయి.

భూతద్దం. అక్షరాల మూలలు పదునుగా ఉన్నాయా, నేల మీద సూది గుంటలు ఉన్నాయా, అంచు చుట్టూ రెండు భాగాలు అతికిన గీత ఉందా చూడాలి. గుంటలు, సబ్బు అరిగినట్టు మెత్తబడిన అక్షరాలు పోతకు గుర్తు. ఒకే సంచిలోని రెండు మూడు నాణేల మీద ఒకే చోట ఒకే ఆకారపు మచ్చ కనిపిస్తే అవన్నీ ఒకే నకిలీ అచ్చు నుంచి వచ్చినవి.

బొమ్మ పైన నడినెత్తి దగ్గర అంచును ప్రత్యేకంగా చూడండి. నగకు మాటు వేసిన కొక్కెం తీసేసి నున్నగా చేసిన చోట గాట్లు తెగిపోయి ఉంటాయి, లేదా వెండి రంగు కొద్దిగా మారి ఉంటుంది. పూడ్చిన రంధ్రం కూడా అలాగే బయటపడుతుంది.

కాసుల పేరు విషయం ఇక్కడే చెప్పడం సబబు. అసలు సవరిను (బ్రిటిష్ బంగారు నాణెం) 7.99 గ్రా. బరువు, 22.05 మి.మీ. వ్యాసం, 22 క్యారెట్ల బంగారం. కంసాలులు మంచి బంగారంతోనే రాజు బొమ్మ వేసి చేసిన కాసులు ఎన్నో ఉన్నాయి. బంగారం నిజమైనా నాణెం నిజం కాదు. మాటు వేసిన కాసును బంగారం ధరకే లెక్కించాలి. విడిగా ఉన్న 1918 సవరిను దొరికితే గుర్రం కింది నేల మీద చిన్న ఐ అక్షరం కోసం చూడండి. అది బొంబాయిలో కొట్టినదని అర్థం.

## 6. పతకాలు: వేరే కన్నుతో చూడాలి

నాణేనికి ఉన్నట్టు పతకానికి ఒకే తూకం, ఒకే లోహం ఉండవు. అందుకే ముందుగా తేల్చవలసినది ఇది ప్రభుత్వం ప్రదానం చేసినదా, సందర్భాన్ని పురస్కరించుకుని వ్యాపారులు అమ్మినదా అన్నది.

1877 దర్బారు పతకం పెద్దది, సుమారు 58 మి.మీ., మెడలో వేసుకునేది. 1903, 1911 ఢిల్లీ దర్బారు పతకాలు 38.5 మి.మీ., రిబ్బనుతో ఛాతీ మీద పెట్టుకునేవి. 1911 దానిపై జార్జి 5, మేరీ రాణి తలలు ఒకదాని పక్కన ఒకటి, వెనుక పారసీ అక్షరాలు ఉంటాయి. ఈ మూడింటికీ బంగారు, వెండి రకాలు ఉన్నాయి. బంగారు రకం అని ఎవరైనా చెబితే నీటి తూకం, లోహాన్ని తేల్చే యంత్ర పరీక్ష రెండూ లేకుండా మాట్లాడవద్దు. 1935 రజతోత్సవ, 1937 పట్టాభిషేక పతకాలు 32 మి.మీ. ఇవి వేల సంఖ్యలో ప్రదానం చేసినవి, ధర అందుబాటులో ఉంటుంది, నేర్చుకోవడానికి మంచివి.

1897 వజ్రోత్సవ పతకం సుమారు 56 మి.మీ. పెద్దది, సుమారు 26 మి.మీ. చిన్నది అని రెండు కొలతల్లో వచ్చింది. చిన్న వెండి పతకాన్ని అర్ధ రూపాయి అనుకుని పెట్టెలో కలిపి ఉంచిన ఇళ్లు చూశాను.

పట్టాభిషేకాల సమయంలో బడి పిల్లలకు పంచిన తెల్ల లోహపు, కంచు, అల్యూమినియం బిళ్ళలు మరో వర్గం. వాటి ధర చాలా తక్కువ. మన జిల్లాలోని ఊరి పేరో, సంస్థానం పేరో ఉంటే మాత్రం లెక్క మారుతుంది. విజయనగరం, బొబ్బిలి వంటి జమీందారీల పేరుతో బిళ్ళ బంట్రోతు ధరించే ఇత్తడి బిళ్ళ, లేదా మహారాజా కళాశాల వంటి విద్యాసంస్థ పేరుతో బహుమతి పతకం ఎదురైతే దానిపై చెక్కిన వ్యక్తి పేరు, సంవత్సరమే దాని ప్రాణం. నున్నగా కనిపించాలని ఆ పేరును అరగదీసిన పతకం చేతికి వచ్చినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. అది తిరిగి రాని నష్టం. ఇత్తడి బిళ్ళలను కొత్తగా చేసి పాతవిగా అమ్మేవారున్నారు: అక్షరాల గుంటల్లో నల్లరంగు పూసి ఉండి, వెనుక కొక్కేల దగ్గర మాత్రం అరుగుదల ఏమీ లేకపోతే అనుమానించండి.

ఒక దర్బారు పతకం విషయంలో నేను పొరబడ్డాను. అమ్మేవారు బస్సుకు వేళవుతోందని తొందరపెట్టడంతో బరువు మాత్రమే చూసి కాలిపర్స్ తీయకుండా కొన్నాను. ఇంటికి వచ్చి కొలిస్తే 38 మి.మీ. కూడా లేదు, పారసీ అక్షరాల చుక్కలు కలిసిపోయి ఉన్నాయి. వెండి మంచిదే, పతకమే పోత. ఆ రోజు నుంచి, కొలిచే వ్యవధి లేని చోట నేను కొనడం లేదు.

పతకం కొనేముందు చూడవలసినవి:

- వ్యాసం మూడు చోట్ల సరిపోయిందా
- కొక్కెం, రింగు మొదటివేనా, తర్వాత మాటు వేసినవా
- పారసీ అక్షరాలు కేటలాగు ఫోటోతో ఒక్కొక్కటిగా సరిపోతున్నాయా
- రిబ్బను పాతదైతే అలాగే ఉంచారా (కొత్త రిబ్బను తప్పు కాదు, పాతదని చెప్పడమే తప్పు)
- అంచు మీది పేరు లోతు, అరుగుదల పతకం వయసుకు తగినట్టున్నాయా

## 7. ఎక్కడ, ఎలా కొనాలి

వెండి బంగారు దుకాణాలకు కరిగించడానికి వచ్చే పాత సరుకు మొదటి చోటు. విజయనగరం, శ్రీకాకుళం, రాజాం, పలాస, ఏ ఊరైనా సరే ఒకరిద్దరు కంసాలులతో నమ్మకం ఏర్పరచుకుని, రాజు బొమ్మ ఉన్నది ఏది వచ్చినా కరిగించేముందు ఒకసారి ఫోన్ చేయమని కోరండి. వెండి ధర మీద కొంత అదనంగా ఇస్తానని ముందే చెప్పండి. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం వంటి జాతరల్లో పరచి అమ్మే నాణేలలో నకిలీలు ఎక్కువ. చేతి అనుభవం కోసం చూడండి, కొనడానికి తొందరపడవద్దు.

ఇళ్లలో కొనేటప్పుడు మాట నిజాయితీగా ఉండాలి. కాటా వారి ఎదుటే పెట్టి, "మామ్మగారూ, దీని వెండి విలువ ఇంత, సేకర్తలు ఇచ్చే ధర ఇంత, నేను ఇంత ఇవ్వగలను" అని మూడు అంకెలూ చెప్పండి. విలువ తెలియని పెద్దావిడ దగ్గర అరుదైన రూపాయిని తూకం ధరకు తీసుకోవడం దొంగతనమేనని నా అభిప్రాయం. ఇంటి పెద్ద కొడుకుకు, కోడలికి తెలియకుండా కొన్న వస్తువు తర్వాత తగవుగా తిరిగి వస్తుంది కూడా.

సంతకంతో రసీదు తీసుకోండి: పేరు, తేదీ, వస్తువు వివరం, మొత్తం, "ఇది మా కుటుంబ సొత్తు" అన్న వాక్యం. డబ్బు బ్యాంకు ద్వారా ఇస్తే ఇద్దరికీ ఆధారం ఉంటుంది.

## 8. ధర కట్టడం

మొదట నేల ధర తెలుసుకోవాలి. 11.66ను 0.917తో గుణిస్తే ఒక రూపాయిలో 10.69 గ్రా. శుద్ధ వెండి. 1940 తర్వాతి రూపాయిలో 5.83 గ్రా. 1935, 1937 క్రౌన్‌లో 14.14 గ్రా. ఆ రోజు గ్రాము ధరతో గుణించండి. ఇంతకన్నా తక్కువకు ఎప్పుడూ అమ్మకూడదు.

పై ధరకు ఆధారం జరిగిన వేలాల్లో పలికిన ధరలే. ఆన్‌లైన్ అంగట్లో ఎవరో లక్ష అని పెట్టినంత మాత్రాన అది ధర కాదు. ఆ ధరకు ఎవరైనా కొన్నారా అన్నది చూడాలి. ముంబయి, బెంగళూరులలోని నాణేల వేలం సంస్థలు పాత కేటలాగులను, పలికిన ధరలను ఆన్‌లైన్‌లో ఉంచుతాయి. ఒకే రకం, ఒకే స్థితిలో ఉన్న మూడు అమ్మకాలను చూసి మధ్యదాన్ని తీసుకోండి.

తిరిగి అమ్మే లెక్కలో ఖర్చులను మరవవద్దు. 1,500 రూపాయలకు కొని, 12 శాతం కమిషన్, 150 రూపాయల పార్శిల్ ఖర్చు అనుకుంటే, కనీసం 1,875 పలికితేనే అసలు తిరిగి వస్తుంది. ఈ లెక్క కొనేముందు వేయాలి.

నాణెం ఖరీదైనదైతేనే విదేశీ గ్రేడింగ్ సంస్థకు (నాణెం అసలుదా, ఏ స్థితిలో ఉందో తేల్చే సంస్థకు) పంపి డబ్బాలో సీలు వేయించడం గిట్టుబాటవుతుంది. మామూలు అరిగిన రూపాయికి ఆ ఖర్చు దండగ.

## 9. చట్టం దగ్గర ఆగవలసిన చోట్లు

1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన నాణెం పురావస్తువు. ఈ గీత ఏటా ముందుకు జరుగుతుంది. 1911 దర్బారు నాటివన్నీ ఇప్పటికే దాని లోపల ఉన్నాయి. అలాంటివాటిని వ్యక్తులు విదేశాలకు పంపడం నిషిద్ధం. అమెరికాలో కొనేవాడున్నాడని విక్టోరియా రూపాయిని పోస్టులో వేస్తే అది నేరం. నూరేళ్లు నిండినవి అమ్మడాన్నే వ్యాపారంగా పెట్టుకుంటే లైసెన్సు కావాలి. భారత పురావస్తు సర్వేక్షణ శాఖను ముందే సంప్రదించండి.

పునాది తవ్వుతుంటే, చెరువు పూడిక తీస్తుంటే బయటపడినవి దొరికినంత మాత్రాన దొరికినవారి సొత్తు అయిపోవు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధిని కలెక్టరుకు తెలియజేయాలి. శాలిహుండం, ముఖలింగం, రామతీర్థం ఉన్న నేల ఇది. గాంగ రాజుల ఫణాలనే చిన్న నాణేల దగ్గర నుంచి ఏదైనా పైకి రావచ్చు. మట్టి అంటిన నాణేలను గుంపుగా ఎవరైనా తెస్తే కొనవద్దు.

లాభం మీద పన్ను, జీఎస్టీ సంగతి మీ ఆడిటరుతో మొదటి అమ్మకానికి ముందే మాట్లాడండి.

## 10. దాచడం

మనది సముద్రం గాలి తగిలే ప్రాంతం. మెత్తని పీవీసీ ఆల్బములు ఈ తేమకు కొన్నేళ్లలోనే జిగురు వదులుతాయి. పాలిస్టర్ లేదా పాలిప్రొపిలీన్ కవర్లు, గాలి చొరని డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు వాడండి. వానాకాలంలో పొట్లాలు నెలకోసారి మార్చండి. రబ్బరు బ్యాండ్లు, వార్తాపత్రికలు, కర్పూరం దగ్గర ఉంచవద్దు. ప్రూఫ్ నాణెం ఉన్న ప్లాస్టిక్ గుళికను (మూసిన డబ్బీని) విప్పవద్దు.

2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ వచ్చినప్పుడు ఇళ్లలో నీరు నిలిచిన సంగతి మనకు తెలిసిందే. డబ్బా బీరువా పైఅరలో ఉండాలి, జాబితా, ఫోటోలు ఇంకో చోట కూడా ఉండాలి. విలువైనవి బ్యాంకు లాకరులో పెట్టండి.

## 11. అమ్మడం, పంపడం, డబ్బు తీసుకోవడం

మామూలు రూపాయలను స్థానిక సేకర్తలకు, నాణేల ప్రదర్శనల్లో వ్యాపారులకు అమ్మవచ్చు. అరుదైన సంవత్సరాలు, ప్రదానం చేసిన పతకాలు వేలానికి పంపండి. పంపేముందు కమిషన్ ఎంత, కనీస ధర పెట్టుకోవచ్చా, అమ్ముడుపోకపోతే తిరిగి పంపే ఖర్చు ఎవరిది, డబ్బు ఎన్ని రోజులకు వస్తుంది, ఈ నాలుగూ రాతపూర్వకంగా తీసుకోవాలి.

వివరణలో లోపాలను ముందు రాయండి. "కొక్కెం తీసిన గుర్తు ఉంది", "ఒకప్పుడు తోమినది", "అంచు మీద దెబ్బ" అని రాసి దాని ఫోటో పెట్టినవారి దగ్గరికి కొనేవారు మళ్లీ వస్తారు. బరువు, వ్యాసం, నీటి తూకం అంకెలు కూడా ఇవ్వండి.

పార్శిల్ కట్టేటప్పుడు నాణెం కవరులో, కవరు రెండు గట్టి అట్టల మధ్య, అది కదలకుండా డబ్బాలో ఉండాలి. కట్టడం మొదలు నుంచి చివరి వరకు ఒకే వీడియోగా తీయండి. బీమా చేయించి పంపండి. పార్శిల్ పైన నాణేలని కనబడేలా రాయవద్దు.

డబ్బు బ్యాంకు ఖాతాలో పడిందని మీ ఖాతాలోనే చూసుకున్నాక పంపాలి. వారు పంపిన స్క్రీన్‌షాట్ చాలదు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టనవసరం లేదు. పిన్ అడిగారంటే డబ్బు మీ నుంచి పోతోందని అర్థం.

పాత నాణేనికి లక్షలు ఇస్తామని, ముందుగా రిజిస్ట్రేషన్ రుసుమో, పన్నో కట్టమని అడిగేవారందరూ మోసగాళ్లే. రిజర్వు బ్యాంకు పేరు వాడుకుంటారు. తాము ఇలాంటి కొనుగోళ్లు చేయబోమని, ఎలాంటి రుసుమూ అడగబోమని ఆ బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. రాముడి పట్టాభిషేకం బొమ్మతో 1818 అని ఉండే ఈస్టిండియా కంపెనీ రాగి అణాలు నాణేలే కావు, అవి పూజ కోసం చేసిన బిళ్ళలు. వాటికి బియ్యాన్ని లాగే శక్తి ఉందని చెప్పే రైస్ పుల్లింగ్ ముఠాల చేతిలో మన పల్లెల్లో భూములు అమ్ముకున్నవారున్నారు. ఆ మాట వినగానే లేచి వచ్చేయండి.

డబ్బు పోయిందని తెలిసిన వెంటనే, మరునాటికి వాయిదా వేయకుండా, సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి. అప్పటికి చేతిలో లావాదేవీ సంఖ్య, అవతలివారి ఫోన్ నంబరు, యూపీఐ చిరునామా, మాట్లాడుకున్న సందేశాల ఫోటోలు, 3వ భాగంలో చెప్పిన నాణెం ఫోటోలు సిద్ధంగా ఉంచుకోండి.